చొక్కా అయ్యేదాకా

ఇస్త్రీపెట్టెను చొక్కా మీదే బోర్లా వదిలేసి, ఏడడుగులు ముందుకొచ్చి, చేతులు రెండూ చాపి పాడమన్నాడు దర్శకుడు. ఇస్త్రీ అక్క పెట్టెను నిలువుగా పెట్టి వచ్చింది.

"నిలబెట్టడం కాదక్కా, వదిలేయాలి," అన్నాడు మూడోసారి. "దుఃఖం పొంగుకొస్తోంది. చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేసి వస్తుంది. చూసేవాళ్ల గుండె ఝల్లుమనాలి."

"ఝల్లుమంటుంది లెండి, చొక్కా కాలిపోతోందని."

కింద వాద్యాల వాళ్లు కిసుక్కుమన్నారు. దర్శకుడికి నవ్వు రాలేదు.

"అది చెక్కదక్కా. రంగేశాం. దానికి వైరు కూడా లేదు."

"చెక్కదని మీకు తెలుసు, నాకు తెలుసు. ఆవిడకి తెలీదు కదండీ?"

"ఏ ఆవిడకి?"

"నేను ఎవరి వేషం వేస్తున్నానో ఆవిడకి."

ఆ నాటక కంపెనీలో ఒక పద్ధతి ఉంది. కోరస్‌లో పాడే ప్రతి మనిషికీ తెర వెనక ఇంకో పని ఉండాలి. ఒకడు తెర తాడు లాగుతాడు, ఒకావిడ విగ్గులు దువ్వుతుంది. ఈమెకు పంతొమ్మిదేళ్ల క్రితం ఇస్త్రీ గది అప్పజెప్పారు. అప్పటి నుంచి అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడలేదు. రాజుల అంగరఖాలు, పోలీసుల యూనిఫారాలు, ఆఖరికి బిచ్చగాడి చిరుగుల కోటు కూడా ఆమె చేతి మీదుగానే పైకి వెళ్లాయి. బిచ్చగాడి కోటును ముందు ఇస్త్రీ చేసి, ఆ తర్వాత పద్ధతిగా నలపాలి. అదో విద్య.

ఇస్త్రీ గది సరిగ్గా రిహార్సల్ హాలు కిందే ఉంటుంది. చెక్క కప్పు సందుల్లోంచి దుమ్ముతో పాటు పాటలూ రాలుతాయి. ఈ సంగీత నాటకంలో తల్లి వేషం వేయాల్సిన నటికి మొదటి ప్రదర్శన ఐదు రోజుల్లో ఉందనగా గొంతు పోయింది. నెల రోజులు నోరు మెదపొద్దన్నాడు డాక్టరు. తల్లి పాటలన్నీ, మాటలన్నీ పొల్లుపోకుండా వచ్చిన మనిషి కంపెనీ మొత్తంలో ఇస్త్రీ అక్క ఒక్కతే. సంగీతం మాస్టారు ఆమె కోసం పట్టుబట్టాడు. దర్శకుడి మనసు మాత్రం కోరస్‌లోని చిన్నమ్మాయి మీద ఉంది. ఆ పిల్లకు ఇరవై రెండేళ్లు, గొంతు తేనె. నెత్తిన తెల్ల విగ్గు పెడితే ముసలిదైపోతుందని అతని నమ్మకం.

నాటకంలో ఆ తల్లి కొడుకు సమ్మెలో అరెస్టయ్యాడు. తెల్లారితే కోర్టు. పక్కింటావిడ వచ్చి ఓదార్చి వెళ్లాక ఆ తల్లి కొడుకు చొక్కా ఇస్త్రీ చేస్తూ పాడుతుంది. నాటకానికి ప్రాణం ఆ పాటే. ఇస్త్రీ అక్కకు పంతొమ్మిదేళ్లలో ఒంటరిగా పాడటానికి చేతికందిన మొదటి పాట కూడా అదే. మళ్లీ ఇంకోటి వస్తుందన్న ఆశ నలభై ఆరేళ్ల వయసులో ఎవరికి మాత్రం ఉంటుంది?

"సరే, నిలబెట్టే రండి," అని ఒక మెట్టు దిగాడు దర్శకుడు.

"అసలు నేనెందుకు రావాలండీ? చొక్కా సగంలోనే ఉంది."

"ఎందుకేంటి? పాటకి!"

"ఆవిడకి కావాల్సింది పాట కాదండీ, చొక్కా. నలిగిన చొక్కాతో కొడుకు బోనెక్కితే జడ్జి ముందే ఓ లెక్క కట్టేస్తాడని ఆవిడ భయం. ఏడుస్తూ కూర్చునే తీరిక లేదు ఆవిడకి. ఒళ్లు మండిపోతోంది."

"తల వంచుకుని ఇస్త్రీ చేస్తూ పాడితే గొంతంతా గుడ్డలోకే పోతుంది. చివరి వరుసకి ఏం వినపడుతుంది? మాస్టారు తాళం చూపించే కర్ర ఎలా కనపడుతుంది?"

ఇందులో అన్యాయం ఏమీ లేదు. మాస్టారు కూడా తల పంకించాడు. ఇస్త్రీ అక్క మాత్రం ఒప్పుకునే రకం కాదు.

"రేపు మధ్యాహ్నం ఆఖరి రిహార్సల్," అన్నాడు దర్శకుడు. "చెప్పినట్టు చేస్తే మీరు. లేదంటే చిన్నమ్మాయి. అంతే."

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారు కుర్చీలో కూర్చుని మోకాళ్లకు తైలం రుద్దుకుంటోంది. ఆ పెద్దావిడ ఒక ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఎనిమిదేళ్లు ఇస్త్రీ చేసింది. ఇప్పటికీ ఆవిడ కుడి భుజం ఎడమదానికంటే లావు. అత్తాకోడళ్లిద్దరూ ఇస్త్రీ గురించి వాదించుకోవడం మొదలుపెడితే మధ్యలో దూరడం ఆవిడ కొడుకు ఎప్పుడో మానేశాడు.

జరిగిందంతా విని అత్తగారు చెయ్యి ఆపింది. "బోర్లించి పోవాలా? వాడి మొహం! వాడి చొక్కాలు ఎవరు చేస్తున్నారే?"

"నేనే, అత్తయ్యా."

"అదీ సంగతి. అందుకే వాడికి తెలీదు."

"పాట నాలుగు నిమిషాలు. చొక్కా ఎంతసేపు పడుతుంది?"

"ఎవరి చొక్కా?"

"కొడుకుది. కోర్టుకి."

"అయితే ఆరు. కాలరు, భుజాలకే రెండు నిమిషాలు పోతాయి."

అంటే కాలరూ భుజాలూ పక్కింటావిడతో మాట్లాడుతుండగానే అయిపోవాలి. ఇస్త్రీ అక్క బల్ల వేసి, భర్త చొక్కా ఒకటి తెచ్చి పరిచింది. పెట్టె వేడెక్కాక తడి వేలితో తాకి చూసింది. సుయ్యిమంది. నాటకంలో మాటలు చెప్పుకుంటూ కాలరు చేసింది, భుజాలు చేసింది, చొక్కా చెయ్యి పరిచింది.

అత్తగారు కుర్చీలోంచే గద్దించింది. "మణికట్టు దగ్గర గట్టిగా నొక్కు. బేడీలు వేస్తే ముందు నలిగేది అక్కడే."

ఇస్త్రీ అక్క చెయ్యి ఆగిపోయింది. తర్వాతి మాట చెప్పబోతే గొంతులోంచి మాట రాలేదు, పాట వచ్చింది.

మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి పాట ఎందుకు ఎత్తుకుంటుంది? సంగీత నాటకాల్లో వేషం కట్టేవాళ్లలో సగంమంది ఈ ప్రశ్న జన్మలో వేసుకోరు. వాయిద్యం మొదలైంది కాబట్టి పాడతారు. చేతులు చాపమన్నారు కాబట్టి చాపుతారు. గొంతు బాగుంటే జనం చప్పట్లు కొడతారు, కానీ ఒక్కడూ నమ్మడు. ఆ సాయంత్రం ఇస్త్రీ అక్కకు పాట ఎక్కడ పుడుతుందో దొరికింది. మిగతాది తాళం ప్రకారం కాకుండా చొక్కా ప్రకారం నడిచింది. రెండో చెయ్యి, ముందు భాగాలు, వీపు.

ఒక్క చిక్కు మాత్రం మిగిలిపోయింది. చివర్లో స్వరం అన్నిటికంటే పైకి వెళ్తుంది. తల వంచి ఆ స్వరం పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. రెండుసార్లు ప్రయత్నించింది, రెండుసార్లూ పీచుగొంతు పలికింది. విసుగొచ్చి చొక్కా మడవబోయింది.

"ఏమే, పైకెత్తి చూడకుండానే మడిచేస్తావా?" అని అత్తగారు లేచి వచ్చి, చొక్కాను భుజాల దగ్గర పట్టుకుని దీపం వెలుగులోకి ఎత్తింది. ఎక్కడైనా ముడత మిగిలిందేమోనని అటూ ఇటూ తిప్పింది. తల పైకి లేచింది, మెడ నిటారుగా ఉంది, ఛాతీ విచ్చుకుంది.

కోడలు చొక్కా లాక్కుని తనూ ఎత్తింది. ఎదురుగా చొక్కా వెడల్పున కొడుకు నిలబడినట్టే ఉంది. స్వరం హాయిగా గోడకు వెళ్లి తగిలింది. పక్కవాటా వాళ్లు కిటికీ మూశారు.

మర్నాడు ఇస్త్రీ అక్క నిజం ఇస్త్రీపెట్టెను చంకలో పెట్టుకుని స్టేజీ ఎక్కి, దీపాల తాలూకు ప్లగ్గులో గుచ్చింది.

"ఏంటిది?" అన్నాడు దర్శకుడు.

"నిజంది."

అతను నొసలు నొక్కుకుని, కానివ్వమన్నాడు. పక్కింటావిడ మాటలు అయిపోయాయి. మాస్టారు కర్ర ఎత్తాడు, వయొలిన్లు మొదలయ్యాయి. ఇస్త్రీ అక్క ఇంకా భుజాల దగ్గరే ఉంది. నోరు విప్పలేదు. మాస్టారు ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడూ అంతే.

"మాస్టారూ, నేను మణికట్టు దగ్గరికి వచ్చాక ఎత్తుకోండి. నా చేతిని చూడండి చాలు."

"నలభై ఏళ్లుగా అందరూ నా కర్ర చూశారమ్మా. నేను ఎవరి చెయ్యీ చూసి ఎరగను."

"అయిపోయింది," అన్నాడు దర్శకుడు. "దిగండక్కా. చిన్నమ్మాయ్, నువ్వు ఎక్కు. నిన్న చెప్పినట్టు చెయ్యి."

ఇస్త్రీ అక్క అలవాటు కొద్దీ అడిగింది. "ప్లగ్గు తీసేయమంటారా?"

"ఏదీ ముట్టుకోవద్దు! ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి. ఇప్పటికే గంట పోయింది."

ఆమె దిగి ముందు వరుసలో కూర్చుంది. చిన్నమ్మాయి ఎక్కింది, రెండుసార్లు అటూ ఇటూ రుద్దింది, పెట్టెను చొక్కా మీద బోర్లించింది. ఏడడుగులు ముందుకొచ్చి చేతులు చాపింది. ఎంత బాగా పాడిందో చెప్పనలవి కాదు. ఒక్క స్వరం తొణకలేదు.

ఇస్త్రీ అక్క కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. పంతొమ్మిదేళ్ల చేతులు, లేచి పరిగెత్తుదామని పీకుతున్నాయి. అరవాలనీ ఉంది. ఉన్నది ఉన్నట్టు ఉండాలన్నాడుగా, ఉండనీ అనుకుని పళ్లు బిగపట్టింది. పది లెక్కపెట్టేసరికి గుడ్డ పచ్చబడి ఉంటుంది. ఇరవైకి గోధుమరంగు. సన్నగా పొగ లేచింది. వయొలిన్లు వాయిస్తున్నవాళ్ల కళ్లు ఒక్కొక్కటిగా పిల్ల మీద నుంచి వెనక్కి జరిగాయి. డ్రమ్ము వాయించేవాడు దెబ్బ తప్పాడు. పిల్ల కళ్లు మూసుకుని పైస్వరానికి వెళ్తోంది.

"చొక్కా!" అని కేక పడింది. "చొక్కా, చొక్కా!"

అరిచింది దర్శకుడే.

ఆ కేక పూర్తయ్యేలోపే ఇస్త్రీ అక్క స్టేజీ మీదుంది. పెట్టె తీసి నిలబెట్టి, ప్లగ్గు పీకేసింది. చొక్కా రొమ్ము మీద పెట్టె ఆకారంలో మచ్చ పడింది. హాలంతా మాడు వాసన.

చిన్నమ్మాయి బిక్కమొహం వేసింది. "నేను బాగా పాడలేదా?"

"బాగా పాడావమ్మా," అన్నాడు మాస్టారు. "మేమే వినలేదు."

ఇస్త్రీ అక్క ఊరుకోలేదు. "పిల్లది తప్పేం లేదు. చెప్పినట్టు చేసింది," అంది దర్శకుడి కళ్లలోకి చూస్తూ. "కొడుకు చొక్కా తగలబడుతుంటే వెనక్కి తిరిగి చూడని తల్లిని మీరు చేశారండీ."

దర్శకుడు ఆ మచ్చను వేలితో తడిమాడు. చివరికి మాస్టారే కర్ర చేతిలోకి తీసుకుని, "ఇంకో చొక్కా తెచ్చుకో. ఒకసారి నీ చెయ్యే చూస్తాను," అన్నాడు.

మొదటి ప్రదర్శన నాడు ఆమె స్టేజీ ఎక్కబోతుంటే దర్శకుడు పక్కకు పిలిచాడు. "పాట మీ ఇష్టప్రకారమే వదిలేశాను. చివర్లో మాత్రం చొక్కా అలా ఎత్తి పట్టుకుని, చప్పట్లు ఆగేదాకా కదలకండి. ఎంత పెద్ద నటులైనా ఇక్కడ అంతే. ఇది కూడా కాదన్నారో, రేపటి నుంచి మళ్లీ కింద గదే మీకు."

ఆమె చీర కొంగు దోపుకుని స్టేజీ ఎక్కింది.

పక్కింటావిడ వెళ్లిపోయింది. కాలరు అయింది, భుజాలు అయ్యాయి. హాలు మొత్తం ఒక ఆడమనిషి ఇస్త్రీ చేస్తుంటే చూస్తూ కూర్చుంది. మాస్టారు కర్ర ఎత్తి పట్టుకుని ఆమె చేతి మీదే కళ్లు పెట్టాడు. మణికట్టు దగ్గర పెట్టె ఆగింది. వయొలిన్లు, ఆమె గొంతూ ఒకేసారి లేచాయి. ఆ గొంతులో తేనె లేదు, పంతం ఉంది. నా బిడ్డను మీరు నలిపినంత నలపండి, నేను మళ్లీ సాపు చేస్తాను అన్నట్టు ఒక్కో చరణం తోసుకుంటూ వెళ్లింది. ఆఖరికి చొక్కా పైకెత్తింది. స్వరం చివరి వరుస దాటి తలుపులకు తగిలింది.

చప్పట్లు విరుచుకుపడ్డాయి. పంతొమ్మిదేళ్లుగా కప్పు సందుల్లోంచి విన్న చప్పట్లు ఇప్పుడు నేరుగా మొహం మీదకు వచ్చాయి. ఆమెకు ఒళ్లు పులకరించింది. అలా నిలబడితే చాలు, వేషం తనది. కానీ నిలబడేది ఎవరు? ఇస్త్రీ అక్క. ఆ తల్లి గదిలో చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరూ లేరు. తెల్లారితే కోర్టు.

ఆమె చొక్కా దించి, మడిచి, పక్కన పెట్టింది. బుట్టలోంచి ప్యాంటు తీసి బల్ల మీద పరిచి, పైన తడిగుడ్డ వేసింది.

చప్పట్లు తడబడ్డాయి. "అక్కా, నిలబడు! నిలబడమంటుంటే!" అని పక్క తెర వెనక నుంచి దర్శకుడు పళ్లు నూరాడు. ఆమె తలెత్తలేదు. నాటకంలో లేని మాట ఒకటి, తనలో తను అనుకున్నట్టే, హాలంతా వినపడేలా అంది.

"చొక్కా ఒక్కటే తొడుక్కుని పోతాడా కోర్టుకి?"

చప్పట్లు పూర్తిగా ఆగిపోయాయి. తడిగుడ్డ మీద పెట్టె సుయ్యిమంటున్న చప్పుడొక్కటే మిగిలింది. ప్యాంటు రెండో కాలు కూడా అయ్యేదాకా మాస్టారు కర్ర ఎత్తలేదు.