ఎర్నెస్టీన్‌గారి వేదిక

ఎర్నెస్టీన్‌గారికి సభలో మాట్లాడటానికి అరగంట ఇప్పిస్తానని ఛాయాదేవి మాటిచ్చింది. ఆ మాట తెలుగు సంఘం కమిటీ చేతిలో పడుతుందని అప్పుడామెకు తట్టలేదు పాపం.

ఎనభై దాటిన ఎర్నెస్టీన్ ఆమె పక్కింటావిడ. ఎడిసన్ పట్నానికి దగ్గర్లోని ఆ ఊళ్లో ఒకప్పుడు నల్లజాతివాళ్ల వీధి ఒకటుండేది. హైవే వచ్చి దాన్ని మింగేసింది. దాన్ని ఎరిగినవాళ్లలో ఊళ్లో మిగిలింది ఈవిడ ఒక్కతే. వచ్చే వారం ఆవిడా కూతురి దగ్గరికి జార్జియా వెళ్లిపోతోంది. ఈలోగా పిల్లలకు ఆ వీధి గురించి చెప్పాలని ఒకటే ఆరాటం.

లైబ్రరీ హాలు గంటసేపే ఇచ్చారు. మనవాళ్లకు గంట ఏ మూలకు? జ్యోతి ప్రజ్వలనకు తెచ్చిన ఎలక్ట్రిక్ దీపానికి బ్యాటరీలు లేవు. అవి దొరికేదాకా ప్రార్థనాగీతం సాగదీశారు. తర్వాత వేదిక మీదికి పిలుపులు. అధ్యక్షులు రాజారావుగారు, మాజీ అధ్యక్షులు, కాబోయే అధ్యక్షులు, సమోసాలు స్పాన్సర్ చేసిన పద్మనాభంగారు. అందరికీ శాలువాలు, అందరికీ మైకు. రాజారావు రెండే రెండు ముక్కలంటూ తన గ్రీన్ కార్డు కథ మొదటినుంచీ ఎత్తుకున్నాడు.

ఛాయాదేవి చీటీ పంపింది. ఆయన దాన్ని మైకులో చదివాడు.

“టైమ్ అయిపోతోంది అంటున్నారు ఛాయాదేవిగారు. ఎంత డీప్ థాట్ అండీ! లైఫే అంత!”

చివరికి మిగిలింది పది నిమిషాలు. ఛాయాదేవికి తల కొట్టేసినట్టయింది. ఎర్నెస్టీన్ మాత్రం తనకు కప్పిన శాలువా సర్దుకుని మైకు అందుకుంది. ఇంతసేపూ ఆవిడ అన్నీ శ్రద్ధగా గమనించింది మరి.

“వేదిక మీదికి,” అంది ఇంగ్లీషులో, అచ్చం రాజారావులా చేయి చాపి, “మా వీధి బార్బర్ ఐజయా గారిని ఆహ్వానిస్తున్నాను. జుట్టు కత్తిరిస్తూ ఓటెలా వేయాలో నేర్పేవారు.”

అందరూ తలుపు వైపు తిరిగారు. పద్మనాభం అలవాటుకొద్దీ శాలువా పట్టుకుని లేచాడు.

“ఆయన పోయి చాలా ఏళ్లయింది,” అంది ఎర్నెస్టీన్. “ఆయన బదులు ఎవరొచ్చి కూర్చుంటారు?”

మూడో క్లాసు సాన్వి ఒక్క గంతులో వేదికెక్కింది. “రాజారావ్ అంకుల్, లేవండి! ఐజయా వచ్చాడు!”

రాజారావు నోరెళ్లబెట్టి లేచాడు. తర్వాత చేపలు వేయించి వీధంతటికీ పంచిన డెలైలా. తర్వాత చర్చిలో పియానో వాయించిన కవలలు. ఒక్కో పేరుకూ ఒక్కో పిల్ల, ఒక్కో కుర్చీ. పెద్దలంతా శాలువాలతో గోడవారగా చేరారు. ఒక్క కుర్చీ మిగిలింది.

“రూబీ గారు. వంటింట్లో మాకు చదువు చెప్పింది. మా అమ్మ,” అంది ఎర్నెస్టీన్.

పిల్లలు అయిపోయారు. రాజారావు చెయ్యెత్తాడు. “నేను కూర్చోవచ్చాండీ?”

“కూర్చో. మా అమ్మ ముందు పిల్లలే మాట్లాడేవాళ్లు, తను వినేది.”

రాజారావు బుద్ధిగా కూర్చుని నోరు మూసుకున్నాడు. సంఘం పుట్టాక అదే మొదటిసారి. పిల్లలు ఒక్కొక్కరూ లేచి ఐజయానని, డెలైలానని తామెవరో చెప్పుకున్నారు. తలుపు మూయడానికొచ్చిన లైబ్రేరియన్ తాళాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

ఎర్నెస్టీన్ వేదికంతా కలియజూసి ఛాయాదేవి చెయ్యి పట్టుకుంది.

“మా వీధివాళ్లంతా వచ్చేశారు,” అంది.