తీగ కింది గడ్డివామి

సాబిరాకు చెవి కింది నుంచి భుజం దాకా కాలిన మచ్చ ఉంది. సభలో అది కనబడేలా కొంగు కాస్త జరపమని ఫైర్ స్టేషన్ ఆఫీసర్ సుదర్శన్ మొదటి రోజు చాలా మొహమాటపడుతూ అడిగాడు. ఇప్పుడు ఎవరూ అడగనక్కర్లేదు. మైకు చేతికి రాగానే ఆమె చెయ్యి దానంతట అదే కొంగును జరుపుతుంది.

గద్వాల, మల్దకల్ వైపు ఊళ్లలో రెండు వేసవులుగా ఆ సభలు జరుగుతున్నాయి. డబ్బు అగ్నిమాపక శాఖది. కరెంటు వాళ్లు, వ్యవసాయ శాఖ, మహిళా సంఘాలు కలిసి రావాలి. అగ్ని ప్రమాదాలు జరగకముందే జనాన్ని జాగ్రత్తపరచాలనేది పథకం. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేస్తారు. వ్యవసాయ శాఖ ఆయన కోతయ్యాక పొలంలో మిగిలే కొయ్యకాళ్లు కాల్చొద్దంటాడు. లైన్‌మన్ లక్ష్మణ్ తీగల జోలికి పోవద్దంటాడు. సంఘం లీడర్ సుగుణమ్మ అందరిచేత ప్రతిజ్ఞ చేయిస్తుంది. వీళ్లందరికంటే ముందు సాబిరా తన ఇల్లు ఎలా కాలిపోయిందో చెప్పాలి.

ఇంటి వెనక గడ్డివామి మీదికి కరెంటు తీగ వేలాడేది. ఒక మధ్యాహ్నం గాలికి తీగలు రాసుకుని నిప్పురవ్వలు రాలాయి. వామి అంటుకుంది, దాంతోపాటు ఇల్లూ అంటుకుంది. మంచం మీదున్న అత్త హుసేన్‌బీ బయటికి రాలేకపోయింది. "సాబిరా, సాబిరా అని పిలిచింది. నేను పోయేసరికే కప్పు కూలింది. మండే వాసాలు లాగబోతే నాకూ అంటుకుంది." ఈ మాట దగ్గర ఆడవాళ్లు కళ్లు ఒత్తుకునేవాళ్లు. సుదర్శన్ తల వంచుకునేవాడు.

మొదట్లో ఆమెకూ ఏడుపొచ్చేది. ఒక్క ఇల్లయినా బాగుపడుతుందనే ఒప్పుకుంది. రానురాను కథ చెబుతూనే ఇంట్లో పొయ్యి మీదికి ఏముందో ఆలోచించుకోవడం అలవాటైంది. అందుకు తనమీద తనకే రోతగా ఉండేది.

"ఒద్దనిపిస్తే మానెయ్. ఎవరేమంటరు?" అన్నాడు ఆమె భర్త ఫకీర్, ఒకరోజు అన్నం తింటూ. అతను గద్వాల రోడ్డు మీద ఆటో నడుపుతాడు.

"సారు మంచోడు. ఎట్ల ఒద్దనాలె?"

ఫకీర్ కంచం పక్కకు జరిపాడు. "నిన్న మన ఊరోళ్లు ఫోన్ల నీ మాటలు చూపిచ్చిండ్రు. అమ్మ నిన్ను ఎన్నడన్న పేరు పెట్టి పిల్చిందా? దుల్హన్ అనేది గద."

సాబిరా చేతిలో గరిటె ఆగిపోయింది. నిజమే. పెళ్లయిన నాటి నుంచి అత్త ఆమెను దుల్హన్, అంటే పెళ్లికూతురా, అనే పిలిచేది. మరి ఆ పేరు ఎక్కడినుంచి వచ్చింది? మొదటి సభలో భయంతో మాట పెగలకపోతే, "లోపలి నుంచి నిన్ను పిలిచిందా అమ్మా?" అని సుదర్శన్ అందించాడు. తను తలూపింది. ఆ తర్వాత అదే చెబుతూ వచ్చింది. చెప్పీ చెప్పీ అదే నమ్మింది. అత్త గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలని ఆ పూటంతా ప్రయత్నించింది. మైకులో తన గొంతే వినబడింది.

మర్నాడు మల్దకల్ అవతల ఒక ఊళ్లో సభ. ఎండ మండిపోతోంది. ట్రాక్టర్ మీద తెచ్చిన కుర్చీలు సగం ఖాళీగానే ఉన్నాయి. సాబిరా వంతు రాకముందే నర్సమ్మ అనే ముసలామె లేచి నిలబడింది.

"సారూ, మా వామి మీద తీగ ఏలాడుతుంది. నేను ఏడాది సంది తిరుగుతున్న. ఎవరికి చెప్పాలె?"

అందరూ లక్ష్మణ్ వైపు చూశారు. "నడుమ ఇంకో స్తంభం పడాలె అమ్మా. పైకి రాసినం. సాంక్షన్ రాలేదు."

"ఇన్ని శాఖలోళ్లు కలిసొచ్చిండ్రు. ఈ పైసలల్ల ఒక్క స్తంభం రాదా?"

సుదర్శన్ మైకు తీసుకున్నాడు. ఏదో సర్ది చెబుతాడనుకున్నారు. "రాదమ్మా," అన్నాడు. "ఈ పైసలు సభలకు, బ్యానర్లకు మాత్రమే వాడాలె. స్తంభాలకు వాడుతమని నేను రాసి అడిగిన. కుదరదన్నరు." మైకు సాబిరాకు ఇచ్చాడు.

సాబిరా లేచింది. కొంగు జరపలేదు.

"మా అత్త గూడ గిట్లనే అడిగింది," అంది. "కరెంటోళ్ల దగ్గరికి పోతే వామి జరుపుకోమన్నరు. పంచాయతీకి పోతే కరెంటోళ్లనడుగు అన్నరు. కాలు ఇరిగి మంచంల పడేదాక తిరిగింది. అంటుకున్ననాడు నన్ను పిలువలేదు. ముందుగాల బర్రెను ఇప్పు దుల్హన్, నేను ఒస్త అన్నది. ఇప్పి ఒచ్చేసరికి ఇల్లు లేదు. నాకు చెప్పి చెప్పి పానం ఇసిగింది. ఈమె వామి ఏం జేద్దమో చెప్పుండ్రి."

మైకు బల్ల మీద పెట్టి కూర్చుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సుదర్శన్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "వామి వేరే జాగకు జరుపుకుంటవా అమ్మా?" అని నర్సమ్మనడిగాడు.

"నాకు వేరే జాగ ఏడుంది సారూ?"

పంచాయతీ కార్యదర్శి పావని చిన్న పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరింది. నీళ్ల ట్యాంకు వెనక పంచాయతీ స్థలం ఖాళీగా ఉందని చెప్పింది. "కానీ తీర్మానం కావాలి సార్," అని నసిగింది.

"తీర్మానం ఎనక రాసుకుందువు బిడ్డా. ముందు గడ్డి ఎత్తుదాం," అంది సుగుణమ్మ.

సుదర్శన్ ట్రాక్టర్ మీద మిగిలిన కుర్చీలను దింపించాడు. ఇంకో ఊళ్లో సభ ఉందని డ్రైవర్ గొణిగాడు. "తెలుసు," అన్నాడు సుదర్శన్. లక్ష్మణ్ ఫోన్ చేసి సప్లై ఆపించాడు. సంఘం ఆడవాళ్లు గడ్డి మోపులు కట్టారు, మగవాళ్లు ట్రాక్టర్ మీదికి ఎత్తారు. సాబిరా ఎడమ చెయ్యి సరిగా మడత పడదు. కుడి చేత్తోనే అందినంత అందించింది. గడ్డి దుమ్ము మెడ మీది మచ్చకు అంటుకుని మండింది. చివరి మోపు చేరేసరికి పొద్దు వాలింది. నర్సమ్మ ట్యాంకు వెనక కొత్త వామి చుట్టూ ఒకసారి తిరిగి, కూలబడి కాళ్లు చాపుకుంది.

అవతలి ఊరి జనం ఎదురు చూసి వెళ్లిపోయారు. సభ ఎందుకు జరగలేదో జవాబివ్వమని సుదర్శన్‌కు మెమో వచ్చింది. ఏమని రాశాడో సాబిరాకు తెలియదు. పథకాన్ని ఆ ఏటితో ఆపేశారు. కారణం ఎవరూ చెప్పలేదు. వానలు పడేనాటికి సుదర్శన్‌కు నాగర్‌కర్నూల్ బదిలీ అయింది. నర్సమ్మ ఊళ్లో స్తంభం పడలేదని, తీగ అలాగే ఉందని లక్ష్మణ్ ఒకసారి సంతలో కలిసినప్పుడు చెప్పాడు.

మళ్లీ ఎండలు ముదిరే వేళ సుదర్శన్ ఫోన్ చేశాడు. సాబిరా మిరప కళ్లంలో కూలి పనిలో ఉంది.

"ఈడ గూడ గసొంటి పథకమే ఒస్తదంటున్నరు సాబిరమ్మా. పైసలు ఇంక రాలే. ఒస్తే, నువ్వు ఒచ్చి రెండు మాటలు చెప్తవా?"

ఆయన గొంతులో కూడా ఆశేమీ వినిపించలేదు. అడగాలి కాబట్టి అడుగుతున్నట్టుంది.

"నాతోని కాదు సార్. వామి జరిపేటి పనుంటే చెప్పుండ్రి, ఒస్త."

"దానికి పైసలియ్యరమ్మా."

"తెలుసు సార్."

ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు. మీరూ పైలం అంది. ఎండిన కాయలు ఎత్తమని అవతలి నుంచి కేకేశారు. సాబిరా ఫోను పక్కన పెట్టి తట్ట అందుకుంది.