హద్దు మీది వరుస

బోర్బాల హంగరీలోని మకో ఊరి దగ్గర ఉల్లి రైతుల పిల్ల. సెగెడ్‌లోని ల్యాబ్‌లో పళ్ళ ఈగల మీద పనిచేయడానికి వచ్చి రెండేళ్ళయింది. ఆమె చూసేది ఈగ పిండంలో తయారవుతున్న పేగును. ఆ సన్నని గొట్టానికి పై సగంలో ఒక రకం కణాలు, కింది సగంలో మరో రకం. రెంటి హద్దు మీద ఒకే ఒక్క కణం వెడల్పున ఒక వరుస. ఆ వరుస ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే తగువు.

ఆ వరుస కణాలు పుట్టుకతోనే వేరని ల్యాబ్ పెద్ద ప్రొఫెసర్ గెల్లేర్ట్ పదేళ్ళ క్రితమే రాశారు. కాదు, అవీ పై సగానివే, కింది కణాల ఒంటి మీది ప్రోటీను తగిలితే అలా మారతాయని బోర్బాల వాదన.

"కింది కణాల్లో ఆ ప్రోటీను తీసేస్తే వరుసే రాలేదు సార్," అందామె ఒక సోమవారం.

"రాలేదో, వచ్చి చచ్చిందో నీకేం తెలుసు? మకో నుంచి వచ్చి నా ముందు ఉల్లిపాయ కోస్తున్నావు. నాకింకా కళ్ళు మండలేదమ్మా."

"మండుతాయి సార్. కాస్త గడువివ్వండి."

ఈగలకు మొక్కజొన్న పిండితో మేత వండే పిరోష్క పిన్ని ఆమెను తలుపు దగ్గరే ఆపింది. "ఆయనతో అట్లాగేనా మాట్లాడేది? కాస్త తగ్గకూడదూ?"

"నేను తగ్గితే కణాలు మారిపోతాయా పిన్నీ? రేపటికి నలభై సీసాల మేత కావాలి నాకు."

పిండంలో ఎక్కడో ఒక చోట కొన్ని కణాల గుంపు మాత్రం ఆ ప్రోటీను తయారుచేసేలా ఆమె ఈగలను జతకట్టించింది. గుంపు ఎక్కడ పడుతుందో ఆమె చేతిలో లేదు. పై సగంలో పడితే మాత్రం దాని చుట్టూ కొత్త వరుస పుట్టి తీరాలి. గుంపుకు నీలం, వరుసకు గోధుమ రంగు వచ్చేలా పన్నెండు పిండాలకు అద్దకం వేసింది.

ప్రొఫెసర్ మైక్రోస్కోప్ ముందు కూర్చున్నారు. "నీలం గుంపు ఉంది. చుట్టూ ఏమీ లేదు," అని వెనక్కి వాలారు. పక్కనున్నవాళ్ళు చూపులు తిప్పుకున్నారు.

"అది కింది సగం సార్. అక్కడి కణాలకు మారే గుణం లేదు. పక్కది చూడండి."

పక్కదానిలో గుంపు పై సగంలో పడింది. దాని చుట్టూ ఒక్క కణం మందాన గోధుమ రంగు కంకణం. ఆయన పన్నెండు పిండాలూ చూశారు. ఏడోదాని దగ్గర మాత్రం ఆగి, కంకణం వెనకున్న కణాలను ఒక్కొక్కటిగా చూశారు.

"నేను రాసింది తప్పు," అన్నారు చివరికి మామూలు గొంతుతో. "మరి ఈ మార్పు ఒక్క కణం దగ్గరే ఎందుకాగింది? దాని వెనకది ఎందుకు మారలేదు?"

"వెనకదానికి ప్రోటీను అందదు గనక."

"అని ఎవరు చెప్పారు?"

"ఇంకా ఎవరూ చెప్పలేదు సార్."

ఆయన నవ్వి లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపారు. బోర్బాల కూర్చుని ఏడో పిండాన్ని మళ్ళీ కంటి ముందుకు తెచ్చుకుంది.