మారదామనుకున్న అమ్మాయి

ఎదిగే వయసు పిల్లల చేతికి పరాయి మతం పుస్తకం ఇస్తే వాళ్ళు మారిపోతారని ఒక గట్టి నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఆ పుస్తకాలు చదివినవాళ్ళు కారు. ఇల్లు మారితే ఇల్లు మారారంటాం, ఉద్యోగం మారితే ఉద్యోగం మారారంటాం. ఏమీ చేర్చకుండా ఉత్తినే 'వాళ్ళు మారారట' అంటే మాత్రం చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ గొంతు తగ్గిస్తారు.

బైండింగ్ మేస్త్రికి ఆ నమ్మకం దృఢంగా ఉండేది. అతనికి ఒక్కతే కూతురు, పదో తరగతి. భార్య పోయినప్పటి నుంచీ అక్క వచ్చి ఇల్లు చూసుకుంటోంది. వీధిలోకి తెరుచుకునే ముందుగది అతని షాపు. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలన్నీ అక్కడికే వచ్చేవి. కుట్టు విప్పి, పాత జిగురు గీకి, ఫారాలు, అంటే మడిచిన పేజీల కట్టలు, వరుసలో పేర్చి, కొత్త దారంతో కుట్టి, అట్ట వేసి, బరువు కింద పెట్టేవాడు.

లైబ్రరీలో హైస్కూలు పిల్లలకు రెండు పఠన బృందాలు ఉండేవి. ఒకదానిలో డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ళు. రెండోదానిలో దేవుడు, ప్రార్థన, చావు, సందేహం వంటి విషయాల మీద ఆ వయసువాళ్ళ కోసం రాసిన పుస్తకాలు చదివేవాళ్ళు. డిటెక్టివ్ నవలలు చదివితే పిల్లలకు అబద్ధాలు అబ్బుతాయని భయపడి, మేస్త్రి స్వయంగా వెళ్ళి కూతుర్ని రెండో బృందంలో చేర్పించి వచ్చాడు. దేవుడి పుస్తకాలంటే తన దేవుడివేనని అనుకున్నాడు. ఎవరి దేవుడని అడగలేదు.

ఆ బృందం పుస్తకాలు మొదటిసారి బైండింగుకు వచ్చిన రోజున అతని మనసులో పురుగు తొలవడం మొదలైంది. బైండింగు చేసేవాడు పుస్తకాన్ని చదవడు, అతుకుల దగ్గర చూస్తాడు. ఒక ఫారం చివరి మాట, తర్వాతి ఫారం మొదటి మాట కలిస్తే వరుస సరిపోయినట్టు. ఒక అతుకు దగ్గర 'ఆ రాత్రే ఇల్లు' అని ముగిసి, 'విడిచి ఆయన వెంట నడిచాను' అని మొదలైంది. ఇంకో పుస్తకంలో 'అమ్మానాన్నలకు చెప్పకుండా' అని ఆగి, 'కొత్త ప్రార్థన నేర్చుకున్నాను' అని అందుకుంది. మూడో పుస్తకంలో అసలు దేవుడే లేడనే పిల్లవాడున్నాడు. అటూ ఇటూ ఉన్న పేజీలలో ఏముందో చూడాలని అతనికి తోచలేదు. అతుకులు కలిశాయి, అతనికి అది చాలు.

అప్పటి నుంచి కూతురు చేసే ప్రతి పనీ ఆనవాలుగానే కనిపించింది. తను గదిలోకి రాగానే పుస్తకం మూస్తోంది. అన్నం ముందు ప్రార్థన పెదవులతో కానిస్తోంది. అడిగినదానికి 'ఊఁ' తప్ప జవాబు లేదు. ఆ వయసులో ఏ పిల్లయినా ఇంతేనని ఎవరైనా చెప్పి ఉండవచ్చు. కాని చెప్పడానికి ఇంట్లో ఉన్నది అక్క.

"ఆ చూపు మనింటి చూపు కాదురా తమ్ముడూ. లైబ్రేరియనమ్మ నవ్వుతూ పలకరించినప్పుడే నాకు తేడా కొట్టింది. జీతానికి పనిచేసే మనిషి ఊరికే ఎందుకు నవ్వుతుంది?"

లైబ్రేరియన్ నవ్వును కూడా అతను ఆనవాళ్ళలో చేర్చుకున్నాడు.

ఒక సాయంత్రం కుట్టిన పుస్తకాల కట్టతో లైబ్రరీకి వెళ్ళాడు. బీరువాల అవతల కూతురి గొంతు వినిపించి ఆగిపోయాడు.

"నేను మారదామనుకుంటున్నా మేడం. నాన్నకి మాత్రం ఇప్పుడే చెప్పకండి, బాధపడతాడు."

"మారడం నీ ఇష్టం. కానీ బాగా ఆలోచించుకో. మారాక మళ్ళీ ఇటు వస్తానంటే కుదరకపోవచ్చు."

మేస్త్రి కట్టను బల్ల మీద పెట్టి వెనక్కి వచ్చేశాడు. ఒక్కగానొక్క పిల్ల. ఇవాళ దేవుణ్ణి మార్చుకుంటుంది, రేపు వాళ్ళలో ఒకణ్ణి చేసుకుంటుంది, ఆ పైన ఈ గుమ్మం తొక్కదు. దారి పొడుగునా అతను చేసిన తర్కం ఇది. కూతుర్ని అడిగితే 'అవును' అంటుందేమోనని అడగలేదు.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళొద్దన్నాడు. కారణం చెప్పలేదు. షాపులో కుట్టు విప్పి ఉన్న ఆ బృందం పుస్తకాల ఫారాలను బరువు కింద నుంచి తీసి, గోనెసంచిలో కుక్కి, తూకానికి కొనేవాడికి కబురు పంపాడు. కూతురు రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూట అత్త బతిమాలితే తిన్నది.

పుస్తకాలు రాకపోయేసరికి లైబ్రేరియన్ తనే షాపుకు వచ్చింది. మేస్త్రి ఆమెను కూర్చోమనలేదు. లోపలి గుమ్మం దగ్గరికి కూతురు వచ్చి నిలబడింది.

"మీ పిల్లల్నైతే ఇలాగే మార్చుకుంటారా మేడం?" అన్నాడు.

"ఎవర్ని మార్చాను మేస్త్రి గారూ?"

"నా చెవులతో విన్నాను. మారదామనుకుంటున్నానని ఇది అంది. ఆలోచించుకోమని మీరన్నారు. ఏ మతమో అదొక్కటి చెప్పండి."

లైబ్రేరియన్ అమ్మాయి వైపు తిరిగింది. నవ్వలేదు. అమ్మాయే అందుకుంది.

"మతమేంటి నాన్నా? బృందం. డిటెక్టివ్ వాళ్ళ దాంట్లోకి మారదామనుకున్నా. నువ్వు చేర్పించింది బోరు కొడుతోందని నీకెలా చెప్పను?"

అటు ఒక్క ఖాళీయే ఉందని, ఇటు ఖాళీ అయిన చోటు కోసం పిల్లలు ఎదురుచూస్తున్నారని, అందుకే ఆలోచించుకోమన్నానని లైబ్రేరియన్ వివరించింది. వినేకొద్దీ మేస్త్రి ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. గోనెసంచి మీద కూర్చుండిపోయాడు. అక్క లోపల్నుంచి, తను మొదట్నుంచీ పిల్లని నేరుగా అడగమనే చెప్పానంది.

అతను అప్పటికప్పుడే ఉదారుడయ్యాడు. డిటెక్టివ్ కథలకు మించినవి లేవన్నాడు. ఈ రోజే మారిపొమ్మన్నాడు, కావాలంటే తనే వచ్చి చెబుతానన్నాడు.

అమ్మాయి గోనెసంచి వైపు చూసింది.

"వీటిని తూకానికి వేద్దామనుకున్నావా?"

"తప్పయిపోయిందమ్మా. వదిలెయ్."

"నేను వీటిలో సగం పేజీలు తిప్పేశా నాన్నా. అందరూ మంచివాళ్ళే, చివరికి అందరికీ ప్రశాంతతే అనుకున్నా. నువ్వు ఇంత భయపడ్డావంటే నేను సరిగ్గా చదవలేదన్నమాట."

"అందులో భయపడేదేం లేదే."

"నువ్వు చదివావా?"

మేస్త్రి సంచి మీది నుంచి లేచాడు. అమ్మాయి ఆ సంచి తనకివ్వమంది. లైబ్రేరియన్ తన పని లైబ్రరీలోనే ఉందని గుర్తొచ్చినట్టు సెలవు తీసుకుంది. తూకం మనిషి వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళాడు. నలిగిన ఫారాలను తండ్రీ కూతుళ్ళు బల్ల మీద పరిచి సాపు చేశారు. వరుస కలపడం ఆలస్యమైంది, ఎందుకంటే ఆమె అతుకుల దగ్గర ఆగకుండా పేజీలు చదువుకుంటూ పోయింది.

డిటెక్టివ్ బృందంలో ఉన్న ఒక్క ఖాళీ వేరే పిల్లవాడికి దక్కింది. అమ్మాయి మారలేదు.