ఏరుడు లైనుకి ఎర్ర గీత

నా పని తప్పులు పట్టడం. ఇంట్లోనూ అదే పని అంటారు మా ఆయన. కానీ ఇంట్లో పట్టినందుకు జీతం రాదు.

మా ఆఫీసులో ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారవుతోంది. ఆసుపత్రి వార్డుల్లో పనిచేసే నర్సులు కంప్యూటర్ చదువు లేకపోయినా, తమకు కావలసిన చిన్న చిన్న ప్రోగ్రాములు తామే రాసుకోవాలని దాని ఉద్దేశం. అందులోకి కొత్తగా వచ్చింది ఏరుడు లైను. చదువుకున్నవాళ్ళు దాన్ని లిస్ట్ కాంప్రహెన్షన్ అంటారు. అంత నోరు తిరగని మాట మాకెందుకని మేము ఏరుడు లైను అనేస్తాం. ‘వార్డులో ఒక్కొక్క మనిషినీ చూడు, ఉప్పు లేని భోజనం కావలసినవాళ్ళని ఏరి జాబితా చెయ్యి’ అని నాలుగు వరసల్లో రాయవలసింది, చదరపు బ్రాకెట్ల మధ్య ఒక్క వరసలో అయిపోతుంది.

ఆ లైనుని పనిచేయించే కోడు రాసింది మా మరిది బుజ్జి. వాడిని ఈ ఆఫీసులో పెట్టించింది నేనే. అంతకుముందు ఏ ఉద్యోగంలోనూ వాడు కుదురుగా నిలవలేదు. ఒకచోట కంపెనీయే ఎత్తేశారు, ఇంకోచోట పైవాడితో మాటామాటా అనుకుని వచ్చేశాడు. ఇక్కడ వాడి ప్రొబేషన్ ఆ శుక్రవారంతో ముగుస్తుంది. ఏరుడు లైను మీద నా పరీక్షలన్నీ పచ్చగా వస్తే పర్మనెంట్ కాగితం మీద సంతకం పెడతాననీ, ఒక్క ఎర్ర గీత పడినా పెట్టననీ మా ఆఫీసు పెద్దావిడ అందరి ముందూ చెప్పింది. ఆవిడ మాటంటే మాటే.

పర్మనెంట్ అయితే వాడు వేరే ఇల్లు చూసుకుంటాడు, మా హాలు మాకు దక్కుతుంది. ఇప్పుడు సోఫా మీద వాడు, సోఫా కింద వాడి చెప్పులు, టీవీ మీద వాడి తువ్వాలు. చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. అలాగని వాడంటే ఇష్టం లేక కాదు. నా పెళ్ళినాటికి వాడు నిక్కర్లేసుకుని తిరిగేవాడు, దగ్గర కూర్చోబెట్టుకుని లెక్కలు నేనే చెప్పాను. ఈసారైనా వాడు నిలదొక్కుకోవాలని వాడికన్నా నాకే ఎక్కువ ఆరాటం.

గురువారం సాయంత్రానికి నా పరీక్షలు దాదాపు అయిపోయాయి. ఖాళీ వార్డు ఇచ్చి చూశాను. ఒక్కరే ఉన్న వార్డు ఇచ్చాను. ఏరుడు లైనులో ఇంకో ఏరుడు లైను దూర్చాను. అన్నీ పచ్చే. ముచ్చటేసింది, ఎవరితోనూ అనలేదు.

శుక్రవారం పొద్దున ఇంట్లో ఉరుకులు పరుగులు. వంటింట్లోంచి కేకేశాను, “బుజ్జీ, లేచి స్నానం చెయ్యి, బస్సొచ్చేస్తుంది.” తలుపు చప్పుడైంది, నీళ్ళ చప్పుడైంది, నేను నిశ్చింతగా డబ్బా సర్దుకున్నాను. తీరా చూస్తే స్నానానికి వెళ్ళింది మరిది. మా అమ్మాయి ముసుగు తన్ని పడుకునే ఉంది. మా అత్తగారు ముద్దుగా పిలిచిన పేరు కొడుక్కి ఇప్పటికీ వదల్లేదు, మనవరాలికీ అదే అంటుకుంది. స్కూలు బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరు బుజ్జిలనీ కలిపి తిట్టాను.

ఆఫీసుకి వెళ్ళాక కూడా ఆ చిరాకు తగ్గలేదు. స్క్రీన్ ముందు కూర్చుని ఒకే పేరుతో ఇద్దరిని పిలిస్తే ఇంతే అని గొణుక్కుంటుంటే, చెయ్యి ఆగిపోయింది.

మా ఆఫీసులో ఒక కట్టుబాటు ఉంది. ఒక ప్రోగ్రాములో ఒక పేరు ఒక్కదానికే పెట్టాలి. పెద్దావిడ పెట్టిన నియమం అది, కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే నూరిపోస్తుంది. బుజ్జి రాసినప్పుడు అలాగే రాశాడు, నేను పరీక్షించినప్పుడు అలాగే పరీక్షించాను. కానీ వార్డులో నర్సుకి ఈ కట్టుబాటు సంగతి ఎవరు చెప్పారు? ఆవిడకి మంచం మీద ఉన్నది మనిషి, జాబితాలో ఉన్నదీ మనిషే. రెండు చోట్లా ‘మనిషి’ అనే రాస్తుంది.

నేనూ అలాగే రాశాను. మొదటి వరసలో, మనిషి అంటే మూడో మంచం. రెండో వరసలో ఏరుడు లైను, దాని లోపలా మనిషే. మూడో వరసలో అడిగాను, ఇప్పుడు మనిషి అంటే ఎవరని. మూడో మంచం అని రావాలి. పన్నెండో మంచం అని వచ్చింది. ఆ వార్డులో ఆఖరి మంచం అది.

బ్రాకెట్ల లోపల పెట్టుకున్న పేరు బ్రాకెట్లలోనే ముగిసిపోవాలి. ఇది బయటికి నడిచొచ్చి, మూడో మంచాన్ని లేపేసి ఆ చోట తను కూర్చుంది. మళ్ళీ నడిపించాను. మళ్ళీ పన్నెండే.

ఇలాంటిది దొరికితే నేను ఒక్క క్షణం ఆగను. ఎర్ర గీత పెడతాను. అది పెట్టగానే పెద్దావిడకి తెలుస్తుంది, ట్రయల్‌గా వాడుతున్న వార్డుకీ హెచ్చరిక వెళుతుంది. రాసినవాడు ఏడ్చినా మొత్తుకున్నా నాకనవసరం. ఆ రోజు మాత్రం లేచి బుజ్జి బల్ల దగ్గరికి వెళ్ళాను.

“ఓసారి ఇటు రా.”

వచ్చాడు. నా స్క్రీన్ మీది మూడు వరసలూ చూశాడు. వాడి ముఖం పాలిపోయింది.

“ఇదెలా చూసుకోలేదు నేను?”

“నువ్వు చూసుకుంటే ఇక నాకు పనేముంది? సర్దడానికి ఎంతసేపు పడుతుంది?”

“అరగంట. లోపలి పేరుకి వేరే చోటివ్వాలి, అంతే.”

“అయితే సర్దు. ఆ అరగంట నేను కళ్ళు మూసుకుంటా. మధ్యాహ్నం మేడమ్ సంతకాలకి కూర్చుంటారు.”

తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. రెండు మూడు మీటలు నొక్కి ఆగి, నా వైపు తిరిగాడు.

“వార్డుకి ఇచ్చింది ఈ వెర్షనే కదా వదినా?”

“అవును. వచ్చేవారం కొత్తది వెళ్తుందిగా. దాంతో సరిపోతుంది.”

“అప్పటిదాకా?”

నాకు కోపం వచ్చింది. “ఎర్ర గీత పడితే ఏమవుతుందో తెలీదట్రా నీకు? ఇంకెన్ని ఉద్యోగాలు మారతావు? నీకోసమే కదా చెప్తున్నది.”

“తెలుసు వదినా.” వాడి గొంతులో విసుగు లేదు. “నాకైతే నువ్వున్నావు. ఆ మంచాల మీదున్నవాళ్ళకి ఇక్కడ వదిన లేదు కదా. గీత పెట్టు. నీకు చేతులు రాకపోతే నేనే వెళ్ళి మేడమ్‌కి చెప్తా.”

ఇంకేం మాట్లాడను? వెళ్ళి ఎర్ర గీత పెట్టాను.

పెద్దావిడ ఇద్దరినీ గదిలోకి పిలిచింది. మూడు వరసలూ తనే టైపు చేసి, తన కళ్ళతో పన్నెండు చూసుకుంది.

“ఈ కట్టుబాటు నాది. దీని చాటునే ఇది దాక్కుంది” అంది. “అయినా ముందు అనుకున్న మాట ఒకటుంది. గుర్తుందా బాబూ?”

“ఉందండి.”

“సంతకం ఇవాళ లేదు. ఇంకో మూడు నెలలు చూస్తాను.” కాగితం సొరుగులో పెట్టేసింది. వెంటనే వార్డుకి ఫోన్ చేసి, మాకు వినబడేలా స్పీకర్ పెట్టింది.

వార్డు సిస్టరు హెచ్చరిక అప్పుడే చదివిందట. “మందులకి సోమవారం నుంచి వాడదామనుకున్నామండీ. ఇప్పటికి భోజనాలకే” అంది. మేము ఊపిరి పీల్చుకునేలోపే, “ఒక్క నిమిషం ఉండండి” అంటూ ఆగింది.

మళ్ళీ మాట్లాడినప్పుడు ఆవిడ గొంతు తగ్గింది. “నిన్న మూడో మంచం ఆవిడ స్కానింగు నుంచి లేటుగా వచ్చారు. ఆవిడకి విడిగా భోజనం పంపమని రాస్తూ, హెచ్చరికలో ఉన్నట్టే రెండు చోట్లా మనిషి అనే రాశాను. పంపినట్టు చూపించింది. ఆవిడేమో నాకు రాలేదు, రాలేదని ఒకటే గోల. తిని మర్చిపోయారనుకున్నాం. మతిమరుపు మొదలైందేమోనని డాక్టరుగారికి కూడా చెప్పాను.”

“పన్నెండో మంచం ఆయనకి రెండు పళ్ళేలు వెళ్ళుంటాయి” అన్నాను నేను.

“వెళ్ళే ఉంటాయి. ఆయన నోరెత్తితేగా.”

ఇంకొకప్పుడైతే పడీ పడీ నవ్వేదాన్ని. బుజ్జి ఫోన్ దగ్గరికి వంగాడు.

“ఆవిడతో ఓసారి మాట్లాడొచ్చాండీ?”

పెద్దావిడ వాడి వంక చూసి, సరేనని తలూపింది. సిస్టరు ఫోన్ పట్టుకుని నడుస్తున్న చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు, తర్వాత ఒక ముసలి గొంతు వినబడ్డాయి.

“అమ్మా, ఆ కంప్యూటర్లో తప్పు రాసింది నేను” అన్నాడు బుజ్జి. “నిన్న మీ భోజనం వేరే మంచానికి వెళ్ళిపోయింది. మీరు మర్చిపోలేదు. మీరు తినలేదు.”

“అదే కదా నాయనా నిన్నట్నుంచీ మొత్తుకుంటున్నాను” అంది ఆవిడ. “మా కోడలు కూడా నమ్మలేదు. ఇంతమంది అంటుంటే, తిన్నానేమోలే అని రాత్రి నాకే అనుమానం వచ్చేసింది.” ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. “మళ్ళీ చెప్పు నాయనా. కాస్త గట్టిగా చెప్పు. ఇక్కడ అందరూ ఉన్నారు, వింటారు.”

బుజ్జి గొంతు పెంచి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు.