జీడినూనె పూసిన బూట్లు

జగదీశ్వరరావు గారికి తోలుబూట్లు మూడు జతలు, పోలారావు ఒక్కడు. నాలుగింటినీ ఆయన ఎంతో ప్రేమగా చూసుకుంటారు. పోలారావుకి వచ్చిన చిక్కల్లా ఆ ప్రేమే.

ఏడేళ్ల కిందట తిత్లీ తుఫానుకి సంతబొమ్మాళి తీరంలో పోలారావు పడవ రెండు చెక్కలయింది. ఇంటికప్పు ఎటు ఎగిరిపోయిందో గంగమ్మతల్లికే తెలియాలి. మూడోనాడు పలాస నుంచి బియ్యం బస్తాలతో వచ్చిన జగదీశ్వరరావు గారు, విరిగిన పడవ పక్కన చతికిలబడ్డ వాణ్ణి చూసి "నా వెంట రారా" అన్నారు. ఆయనకి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. తన మేడ వెనక ఒక గది ఇచ్చారు. వాడి పెళ్లాం దాలమ్మకి ఫ్యాక్టరీలో గింజలు కొట్టే పని ఇచ్చారు. వాణ్ణి మాత్రం "బూట్లు తుడవడం వచ్చా?" అని అడిగారు. పుట్టి బుద్ధెరిగాక కాలికి బూటు తొడగని పోలారావు, కడుపు కాలుతున్నవాడు కనక, "వచ్చు బాబూ" అనేశాడు.

ఆ అబద్ధాన్ని నిజం చెయ్యడానికి వాడు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ముందు లేసులు తియ్యాలి. కుట్ల సందుల్లో దుమ్ము బ్రష్షుతో దులపాలి. తడిగుడ్డతో తుడిచి నీడనే ఆరబెట్టాలి, ఎండ తగిలితే తోలు బిగుసుకుపోతుంది. పాత బనీను ముక్క రెండు వేళ్లకి చుట్టి పాలిష్ పలచగా పట్టించి, కాసేపు ఆగి మెరుగు పెట్టాలి. వాన పడితే లోపల పాత పేపర్లు కుక్కాలి. తోలు మీద తెల్లగా ఉప్పు పేరితే మాత్రం వాడికి ఒకరు నేర్పక్కర్లేదు. ఆ ఉప్పుని అందరికన్నా ముందు కనిపెట్టి, నీళ్లలో నాలుగు చుక్కలు వెనిగర్ వేసి తుడిచేసేవాడు. బూటు ముక్కులో మొహం కనిపించేది. ఆ మొహాన్ని చూసుకోవడం వాడికి ఇష్టం ఉండేది కాదు.

ఎందుకంటే అది సముద్రం మీద ఉండాల్సిన మొహం. ఏడేళ్లుగా వెళ్లిపోదామనే అనుకుంటున్నాడు. నోరు తెరిచేసరికి ఆయన ఏదో ఒక మంచి చేసేవారు. ఒకసారి సరిగ్గా మాట నాలుక చివరికి వచ్చిన పూటే, జ్వరంతో ఉన్న దాలమ్మని తన కారులో టెక్కలి ఆసుపత్రికి పంపించారు. ఇంకోసారి "బాబూ, నేను..." అన్నాడో లేదో, "నువ్వు లేకపోతే నా కాలు గడప దాటదురా పోలా" అన్నారు. తిట్టే యజమానిని వదిలిపోవడానికి తలుపు తెరిచి ఉంటే చాలు. ఇలా మంచి చేసే మనిషిని ఏ మొహం పెట్టుకుని వదిలిపోతాడు? మొహమాటానికి పోతే కడుపొచ్చిందట అని ఊరికే అనలేదు పెద్దలు.

ఈ జూన్ మొదట్లో వాడి బావ ఢిల్లీరావు ఫోన్ చేశాడు. దాలమ్మ అన్నగారే అతను.

"బావా, కొత్త ఫైబర్ బోటు దించుతున్నాను. నలుగురం. నాలుగో సోటు నీకే అట్టిపెట్టాను. పదిహేనో తేదీకి సేపల ఏట నిషేధం తీసేత్తారు. ముందురోజు గంగమ్మకి పూజ. ఆ పొద్దుటికి మాట సెప్పాల. సెప్పకపోతే నీలకంఠాన్ని ఎక్కించేత్తాను, మరి నన్ను అనుకోకు."

"వత్తాను బావా, వత్తాను" అన్నాడు పోలారావు. ఆ మాట అంటుంటే వాడికి ఒళ్లంతా చల్లగాలి కొట్టింది.

కానీ బూట్లు? తను పోతే ఎవరు చూస్తారు? వారం ఊరుకుంటే బూజు పట్టేస్తాయి. ఉపకారం చేసిన మనిషిని బూజుబూట్లతో వదిలిపోవడం ధర్మం కాదు. ఎవరూ ముట్టుకోకపోయినా రెండేళ్లు చెక్కుచెదరకుండా బూట్లని తయారుచేసి పెడితే, అప్పుడు దర్జాగా సెలవు అడగొచ్చు. అలా ఆలోచిస్తుండగా వాడికి తండ్రి పడవ గుర్తొచ్చింది. వేట లేని రోజుల్లో అయ్య పడవని ఒడ్డుకి లాగి, లోపలా బయటా జీడితొక్కల నూనె పూసేవాడు. నల్లటి నూనె, చిక్కటి నూనె. అది పట్టిన చెక్కని ఉప్పూ తినలేదు, పురుగూ తినలేదు. చెక్కని కాపాడిన నూనె తోలుని కాపాడదా?

ఫ్యాక్టరీ వెనక డ్రమ్ములోంచి ఆ నూనె చిన్న సీసాడు పట్టుకొచ్చాడు. ఆయన ఎక్కువగా తొడిగే నల్లజతతో మొదలుపెట్టాడు. అయ్య పూసినట్టే, పుల్లకి చుట్టిన గుడ్డతో పైనా పూశాడు, లోపలా పూశాడు, కుట్టు కుట్టుకీ ఇంకించాడు. మూడు రోజులు ఆరబెట్టి, గట్టిగా తుడిచి, పైన పాలిష్ పెట్టాడు. ఇన్నేళ్లలో అంత మెరుపు ఎప్పుడూ రాలేదు. పదమూడో తేదీ పొద్దున్న ఆ బూట్లు తొడుక్కుని జగదీశ్వరరావు గారు వ్యాపారుల మీటింగుకి విశాఖపట్నం వెళ్లారు. తిరిగిరాగానే సెలవు అడిగెయ్యాలని పోలారావు మాటలు కూర్చుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం పని నుంచి వచ్చిన దాలమ్మ గట్టు మీద సీసా చూసింది.

"ఇదేటి?"

వాడు గొప్పగా చెప్పాడు. ఆమె నెత్తి కొట్టుకుంది.

"ఓలమ్మో! బూట్లకి జీడినూనె పూసేసినావా? రోజూ సేతులకి కొబ్బరినూనె రాసుకోని గింజలు కొడతన్నాను. ఎందుకో ఏనాడన్నా అడిగినావా? ఈ ఏళ్లు సూడు!" నల్లగా తోలు ఊడిన వేళ్లు వాడి మొహం ముందు పెట్టింది.

"మా అయ్య పడవకి..."

"పడవకి సెమట పడతాదేటయ్యా?"



మర్నాడు పొద్దున్నే కారు వచ్చింది. డ్రైవరు ఒక పక్కా, గేటు మనిషి ఇంకో పక్కా పట్టుకుని ఆయన్ని దించారు. పాదాలు రెండూ బుడగలు. వేళ్ల సందులు నల్లగా కమిలి ఉన్నాయి. ఆ బూట్లు డ్రైవరు చేతిలో ఉన్నాయి, ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

పోలారావు వణికిపోయాడు. కానీ ఆ వణుకు అడుగున, సిగ్గులేకుండా, ఒక సంతోషం లేచింది. ఇంక తను నోరు తెరవక్కర్లేదు. ఆయనే "ఫోరా" అంటారు. మెడపట్టి గెంటినా మంచిదే. పదిన్నర బస్సు దొరికితే మధ్యాహ్నానికి పూజ దగ్గర ఉంటాడు. ఆయన కుర్చీ ముందు మోకాళ్ల మీద కూలబడి అంతా చెప్పేశాడు.

"నానే పూసినాను బాబూ. తప్పైపోయింది. పొమ్మనండి, ఎల్లిపోతాను."

జగదీశ్వరరావు గారు బాధగా మూలిగారు. తరవాత నవ్వారు.

"జీడి మచ్చ నాకు తెలీదట్రా? నిన్న మధ్యాహ్నమే తెలిసింది. పడవకి పూసినట్టు పూసేసినావు కదూ? నా బూట్లు పదికాలాలుండాలని నీ ఆశ. నా గురించి అంత ఆలోచించేవాడు నువ్వు కాక ఎవడున్నాడు? నిన్ను పొమ్మంటానేట్రా, పిచ్చోడా!"

వాడి కళ్లమ్మట నీళ్లు కారాయి. చూసినవాళ్లు కృతజ్ఞత అనుకున్నారు.

"డాక్టరు నెల్లాళ్లు బూటు తొడగొద్దన్నాడు" అన్నారాయన, పాదం కొంచెం ముందుకి జరుపుతూ. "ఇంకొకడి చెయ్యి పడితే మండిపోతంది. నీ చెయ్యే మెత్తన. పూటకోసారి కడిగి మందు రాయి."

పోలారావు పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు తెచ్చాడు. మెత్తటి గుడ్డ రెండు వేళ్లకి చుట్టుకున్నాడు. వేళ్ల సందులు తుడిచాడు, నీడనే ఆరనిచ్చాడు, మందు పలచగా పట్టించాడు. చేతులకి ఆ పని కొత్తగా లేదు.

జేబులో ఫోన్ మోగింది. చేతుల నిండా మందు. గుమ్మంలో నిలబడ్డ దాలమ్మ వచ్చి, ఫోన్ తీసి వాడి చెవికి ఆనించింది. అవతల డప్పులు మోగుతున్నాయి.

"బావా, బయల్దేరినావా? కొబ్బరికాయ కొట్టేత్తన్నాం. వత్తన్నావా, నేదా?"

ఆయన పాదం వాడి తొడ మీద ఉంది. దాలమ్మ వాడి మొహంలోకే చూస్తోంది. డప్పుల వెనక అల విరిగిన చప్పుడు కూడా వాడికి వినిపించింది.

"నీలకంఠాన్ని ఎక్కించేయి బావా" అన్నాడు.

దాలమ్మ ఫోన్ కట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

"ఎవర్రా పోలా?" కళ్లు మూసుకునే అడిగారు జగదీశ్వరరావు గారు.

"ఎవరూ కాదు బాబూ. రెండో కాలు ఇలా పెట్టండి."