బేసి మనోజ్‌కి, సరి హిమబిందుకి

నేను రాసిన నాటకంలో ఎవరైనా ఒక్క మాట మార్చారంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఈ సంగతి బిర్సానగర్ తెలుగువాళ్లందరికీ తెలుసు. ఒక ఏడాది మొగుడి వేషం వేసినవాడు "వంకాయ కూర" అనాల్సిన చోట "బైంగన్" అన్నాడని తెర వెనక చెవి పట్టుకుని మెలేశాను. వాడికి అప్పటికే పెళ్లయింది. పెళ్లాం ఎదురుగానే మెలేశాను.

నా పేరు గౌరీదేవి. మా ఆయనకి జుగ్సలాయిలో ఇనప సామాన్ల కొట్టుంది. బేరాలు ఆయనవి, అరుపులు నావి. ఏటా మా తెలుగు సంఘం వార్షికోత్సవానికి నాటిక రాసేది నేనే, ఆడించేదీ నేనే. అలాంటిది ఈసారి కార్యదర్శి సత్యప్రసాద్ గారు ఇంటికొచ్చి, నేనిచ్చిన టీ తాగి, కప్పు కింద పెడుతూ అసలు కబురు చెప్పారు.

"అమ్మా, ఏటీ అనుకోకండి. కిందటేడు నాటకం మద్దెలో జనం లేచి సమోసాల కాడికి ఎలిపోనారు. పిల్లలకి మాటలు నోటికి రాలేదు. ఈసారి కూడా అలాగే అయితే వచ్చే ఏడాది నుంచి ఆ టైము ఆర్కెస్ట్రాకి ఇచ్చేత్తామని కమిటీ అనీసింది."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటానండీ? ఇచ్చిన టీ వెనక్కి లాక్కోలేను కాబట్టి ఊరుకున్నాను.

అయితే ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇక్కడి హిందీ బడుల్లో చదివిన మా పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, కాస్తో కూస్తో మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. ఈసారి నాటికలో రెండే పాత్రలు, మొగుడూ పెళ్లామూ. మొగుడు మనోజ్, ఇక్కడి ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో షిఫ్టు డ్యూటీ. పెళ్లాం హిమబిందు, ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర సేఫ్టీ పని చేస్తుంది. ఇద్దరికీ కూర్చుని బట్టీ పట్టే తీరిక లేదు. "ఏటే హిమబిందూ, అన్నం తిన్నావా?" అని నేనడిగితే "ఖా లియా ఆంటీ" అంటుంది ఆ పిల్ల. అదీ మా తెలుగు సంగతి.

దారి చూపించింది మా అక్క కూతురు కల్పన. బిష్టుపూర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ల పని దానిది. "పిన్నీ, మాటలు ఆళ్లకి హిందీ అక్షరాల్లో ఇద్దాం. స్టేజీ మీద ఫోన్లో సూసుకుని సదివీసుకుంతారు," అంది.

"తెలుగు నాటకం హిందీ అక్షరాల్లోనా? నాను సచ్చాక ఆడుకోండి," అన్నాను. రెండు రోజులు దానితో మాట్లాడలేదు. మూడో రోజు ఆ ఆర్కెస్ట్రా వాళ్ల డప్పులు కళ్లముందు కనపడి, నేనే ఫోన్ చేసి రమ్మన్నాను.

ఫోన్లు ఎక్కడ దాచాలో మాత్రం నా ఆలోచనే. మొగుడు పేపరు చదువుతుంటాడు, ఫోను పేపర్లో ఉంటుంది. పెళ్లాం చేటలో బియ్యం ఏరుతుంటుంది, ఫోను బియ్యంలో ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు. ఈ ఉపాయానికి నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంకెవరూ మెచ్చుకోలేదు కనక.

నేను నాటకమంతా కల్పన ల్యాప్‌టాప్‌లో కొట్టించాను, ఒక్కొక్క మాటకి ఒక్కొక్క లైను. వర్డూ అదీ కాదు, నల్లటి తెర మీద ఉత్త అక్షరాలు కనపడే ఎడిటర్ ఒకటుంది దాని దగ్గర. పని చెప్పడానికి ఆ ఎడిటర్‌కి సొంత భాష కూడా ఉందట.

"ఎవరి మాట ముందు ఆళ్ల పేరు రాయి పిన్నీ," అంది కల్పన.

"ఉన్నదే ఇద్దరు. ఒకలన్నాక ఒకలంటారు. మాటమాటకీ పేరెందుకే?"

అది నవ్వింది. "సర్లే, అయితే లెక్క కట్టి పంచుతాను. ఈ ఎడిటర్లో లైను నంబరని ఒక వేరియబుల్ ఉంటాది. అది నాను పెట్టింది కాదు, ఎడిటర్‌తో పాటే వచ్చింది. ఏ లైను మీదుంటే ఆ లైను నంబరు చెప్తాది. దాన్ని మనం మార్చలేం, అడిగి తెలుసుకోడమే."

"షిఫ్టుకి కూసే మన ప్లాంటు భోంపులాగన్నమాట. మనం మోగించలేం, మోగితే ఇనుకోవడమే," అన్నాను.

"అద్దదీ. ఆ నంబర్ని రెండుతో భాగిత్తాను. ఒకటి మిగిలితే బేసి లైను, అది మనోజ్‌కి. ఏటీ మిగలకపోతే సరి లైను, అది హిమబిందుకి. ఈ లెక్క మొత్తాన్నీ ఎక్స్‌ప్రెషన్ అంటారు."

వీళ్ల పేర్లు పాడుగాను, ఆ లెక్క జానెడు కూడా లేదు. కల్పన ఒక్క మీట నొక్కేసరికి నా నాటకం రెండు ముక్కలై, హిందీ అక్షరాల్లోకి మారి, ఇద్దరి ఫోన్లలోకీ వెళ్లిపోయింది. మనోజ్ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. సరిగ్గానే ఉందని తల ఊపాను.

"ఏదన్నా మార్చాలంటే ఇందులో మార్చి సేవ్ సేత్తే సాలు, ఫోన్లలో కూడా మారిపోతాది," అంది కల్పన.

"మార్చడమెందుకూ," అన్నాను.

రిహార్సల్సు జరిగాయి. మాటలు తప్పడం లేదు. కానీ ఇద్దరూ తల ఎత్తరు. వాడు పేపర్లో మొహం పెట్టి అరుస్తాడు, అది చేటలో మొహం పెట్టి గొణుగుతుంది. మొగుడూ పెళ్లాల దెబ్బలాట అంటే కళ్లలోకి చూసుకుని కదా ఆడాలి? స్టేషన్లో రైలు ఆలస్యమని చెప్పినట్టు ఉంది. ఇంక సమోసాలకే జయం అని దిగులు పడ్డాను. నిజంగా ఏడుపొచ్చింది.

వార్షికోత్సవం రోజు హాలు నిండింది. ముందు వరసలో ఆర్కెస్ట్రా వాళ్లు మెరుపుల చొక్కాలు వేసుకుని మా తర్వాత వంతు కోసం కూర్చున్నారు. వాళ్లని చూస్తేనే నాకు కడుపు రగిలిపోయింది. కల్పన ల్యాప్‌టాప్ మేకప్ గదిలో వదిలి మైకులు చూడటానికి వెళ్లింది. నేను తెర పక్కన నిలబడ్డాను.

తెర లేచింది. మనోజ్ కుర్చీలో కూర్చుని పేపరు తెరిచాడు. హిమబిందు కింద కూర్చుని చేట ఒళ్లో పెట్టుకుంది. మొదటి మాట మనోజ్‌ది, "ఏమే, కాఫీ ఏదీ?" అనాలి. వాడు గొంతు సవరించుకుని, పేపర్లోకి చూస్తూ గట్టిగా అన్నాడు.

"ఈ నాటకం మన ప్రియతమ కార్యదర్శి శ్రీ సత్యప్రసాద్ గారి ప్రోత్సాహంతో."

హాల్లో చప్పట్లు. ముందు వరసలో సత్యప్రసాద్ గారు లేచి దండం పెట్టారు. ఈ మాట నా నాటకంలోకి ఎక్కడినుంచి వచ్చింది? అంతలో హిమబిందు చేటలోకి చూసి, ఆగి, మళ్లీ చూసి, సన్నటి గొంతుతో అంది.

"ఏమే, కాఫీ ఏదీ?"

అది మొగుడి మాట. మనోజ్ ఒక్క క్షణం తెల్లమొహం వేశాడు. కానీ వాడి ఫోన్లో ఉన్నది వాడు చదవాలి కదా, చదివాడు.

"పాలు ఇరిగిపోనాయండీ. మీ మొహం సూసి."

హాలు గొల్లుమంది. కల్పన ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది. "పిన్నీ, ఎవరో అన్నిటికన్నా పైన ఒక లైను కలిపీసి సేవ్ సేసినారు. మాటలన్నీ ఒక్కో లైను కిందకి జరిగిపోనాయి. బేసివి సరి అయిపోనాయి, సరివి బేసి. ఈడివి దానికి, దానివి ఈడికి ఎలిపోనాయి."

ఎవరో ఏమిటి, ఎవరో నాకు తెలుసు. రిహార్సల్సప్పుడు "నాటకంలో నా పేరు ఒక్కసారి చెప్పించండమ్మా" అని సత్యప్రసాద్ గారు అడిగితే, "ఎందుకండీ" అన్నాను. ఆయన ఎంచక్కా మేకప్ గదిలోకి వెళ్లి తనే రాసుకున్నాడన్నమాట.

"తీసీ, ఇప్పుడే తీసీ," అన్నాను.

కల్పన వేలు మీట మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే స్టేజీ మీద హిమబిందు కాలు మీద కాలు వేసి, లేని మీసం దువ్వింది. మనోజ్ భుజం మీద తువ్వాలు తీసి నెత్తిన కొంగులా కప్పుకున్నాడు. సమోసాల దగ్గర నిలబడ్డవాళ్లు ప్లేట్లతో సహా లోపలికి వచ్చేస్తున్నారు. నా నాటకానికి జనం లోపలికి రావడం నేను ఎప్పుడు చూశానని?

"ఆగు," అన్నాను. కల్పన నా వైపు వింతగా చూసింది. "ఉండనీ. ముట్టుకోకు."

అలా మొత్తం నాటకం తిరగబడే నడిచింది. మీసాలున్న మనోజ్ "ఆదివారం మీకు సెలవు. నా ఆదివారం ఎప్పుడొత్తాదండీ?" అంటే ఆడవాళ్లవైపు నుంచి ఈలలు వినపడ్డాయి. నాకు సంతోషంతో పాటు కోపమూ వచ్చింది. ఆ మాట రాసేటప్పుడు నేను కళ్లు తుడుచుకుంటూ రాశాను. అదే మాట ఆడది అంటే వినరు, మగాడు కొంగేసుకుని అంటే వింటారా?

తెర పడింది. చప్పట్లు ఆగలేదు. నేను సత్యప్రసాద్ గారి కోసం కొంగు బిగించి వెళ్తుంటే, క్రేను ఆపరేటరుగా చేసి రిటైరైన తవిటయ్య గారు మధ్య వరసలో లేచి నిలబడ్డారు.

"శానా బాగున్నాది. ఇప్పుడు తిన్నగా ఆడండి. ఆ మాటలు ఆ పిల్ల ఎలాగంటాదో సూడాల," అన్నారు.

"టైము లేదు బాబూ, ఆర్కెస్ట్రా వాళ్లు రెడీగా ఉన్నారు," అన్నారు సత్యప్రసాద్ గారు.

ఆర్కెస్ట్రా పాటగాడు కళ్లు తుడుచుకుంటూ చెయ్యూపాడు. "అరే కర్నే దీజియే భాయ్‌సాబ్, హమ్ భీ దేఖేంగే." ఆడనివ్వాలట, వాళ్లూ చూస్తారట, వాడి నోట్లో పంచదార పొయ్య. వాడి మీద ఉన్న కోపమంతా అక్కడికక్కడే పోయింది.

కల్పన పై లైను తీసేసి సేవ్ చేసింది. మళ్లీ తెర లేచింది. మనోజ్ పేపరు తెరిచి "ఏమే, కాఫీ ఏదీ?" అన్నాడు. హిమబిందు చేటలోకి చూసింది. వేలితో బియ్యం కెలికింది. ఫోన్ నల్లగా ఉంది, ఛార్జింగ్ అయిపోయింది. తలెత్తి నా వైపు చూసింది. హాలంతా చూస్తోంది. అయిపోయింది, వచ్చే ఏడాది నాటకం లేదు, నా చేతులతో నేనే రెండోసారి ఆడించి పోగొట్టుకున్నాను అనుకున్నాను. మాట అందిద్దామని నోరు తెరిచాను.

హిమబిందు చేట పక్కకి నెట్టేసి లేచి నిలబడింది.

"పాలు ఇరిగిపోనాయి. మీ మొహం సూసి."

మనోజ్ మొహంలోకి చూసి అంది. ఆ పిల్ల తల ఎత్తి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. ఇందాక పెళ్లాం మాటలన్నీ మనోజ్ నోట పక్కనే కూర్చుని విన్నది కదా, ఒక్కొక్కటే వస్తున్నాయి. గొణగడం లేదు, దెబ్బలాడుతోంది. మనోజ్ కూడా పేపరు పడేశాడు. ఇద్దరూ నిజం మొగుడూ పెళ్లాల్లా ఒకరి మాట మీద ఒకరు పడుతున్నారు. తర్వాత ఆదివారం మాట వచ్చింది.

"ఆదివారం మీకు సెలవు," అని ఆగిపోయింది. మరిచిపోయిందో, నా మాట చాలలేదో నాకు తెలీదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని అంది. "మీ ఫర్నేసుకి షట్‌డౌన్ ఉంటాది. ముందే నోటీసు పెడతారు, తాళం ఏత్తారు, ఎవుళూ ముట్టుకోరు. నా పొయ్యికి షట్‌డౌన్ ఎప్పుడండీ?"

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆ తర్వాత ఆడవాళ్లు లేచారు, వాళ్ల వెనక మగవాళ్లు లేచారు. కుర్చీల చప్పుడులో మనోజ్ ఏమన్నాడో నాకు వినపడలేదు. అది నేను రాసిన మాట కాదు. నేను రాసినదానికన్నా బాగుంది. ఆ సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. తెర తాడు పట్టుకుని ఏడ్చేశాను. ఇంత సంతోషం నాకు నా సొంత మాటల వల్ల ఎప్పుడూ కలగలేదు.

సత్యప్రసాద్ గారు స్టేజీ ఎక్కి, నా మొహం చూసి రెండడుగులు దూరంగానే నిలబడ్డారు. "వచ్చే ఏడాది నాటకం ఉంటాదమ్మా, కమిటీతో నాను మాట్లాడతాను. ఎంత టైము కావాల?"

నేను చెప్పేలోపు హిమబిందు అందుకుంది.

"గంట కావాల. ఈసారి నాటకం నాను రాత్తాను."

తెలుగులోనే అంది. అందరూ నా వైపు తిరిగారు. నేను పిడుగులా పడతానని కల్పన నా చెయ్యి పట్టుకుంది కూడా.

"రాత్తావా? ఏ అక్షరాల్లో రాత్తావే?" అన్నాను.

"హిందీ అక్షరాల్లోనే ఆంటీ. నాకు అవే వచ్చు. మాటలు మట్టుకు మనవే."

"అయితే రాయి," అన్నాను. "రాసి, నా పక్కన కూకుని సదివి ఇనిపించు. నాకు హిందీ సదవడం రాదు."